నల్ల ఇసుక మీద నిద్ర

సాంచాలు పోయిన రోజు బుధవారం. దత్తాత్రికి వారం కూడా గుర్తుంది, ఆ రోజు ఏడో తరగతికి తను చెప్పాల్సిన రెండు పీరియడ్లు వదిలేసి బడిలో సగం రోజు సెలవు పెట్టి వచ్చాడు కాబట్టి. మరమగ్గాలను వాళ్ళింట్లో సాంచాలనే అంటారు. నాలుగు సాంచాలు, ముప్పై ఎనిమిదేళ్ళు ఒకే చోట నిలబడి తువ్వాళ్ళు నేసినవి. మరాఠీ ఊళ్ళో తెలుగు నేతగాళ్ళుండే దాజీ పేట్‌లోని ఆ సందులో చివరికి మిగిలినవి కూడా అవే. మిగతా కార్ఖానాలు ఒకటొకటిగా ఊరి బయటి పారిశ్రామికవాడ ఎంఐడీసీకి పోయాయి, కొన్ని మూతపడి వాటి మీద అద్దె గదులు లేచాయి. మధ్యాహ్నం రెండింటికి విప్పేవాళ్ళు సుత్తెలూ పానాలూ పట్టుకుని వచ్చారు. సాయంత్రానికి టెంపో మూడుసార్లు తిరిగింది. తండ్రి రామచంద్రం గడప పక్కన నిలబడి, ఒక్కొక్క ఇనుప చట్రం బయటికి వస్తుంటే పక్కకు జరిగి దారి ఇచ్చాడు. అంతా పోయాక చీపురు తీసుకుని దూదిదుమ్ము ఊడ్చాడు, మూలమూలనా, తెల్లారితే మళ్ళీ నేత ఉన్నట్టు. దత్తాత్రి ఆ చీపురు ఆయన చేతిలోంచి తీసుకుని, "ఇగ నిమ్మళంగ పండుకో బాపు" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు అతనికి నిజంగానే సంతోషం వేసింది. డెబ్బై ఆరేళ్ళ మనిషికి దుమ్ము తప్పింది, పన్నెండో తరగతి చదివే కూతురు మయూరికి చప్పుడు తప్పింది, ఇల్లు మొదటిసారి ఇల్లులా ఉంది అనుకున్నాడు. అమ్ముదామన్నది అతనే. కొనేవాణ్ణి వెతికిందీ అతనే. తండ్రి ఒద్దనలేదు; అవుననీ అనలేదు, కొడుకు చదువుకున్నవాడు కాబట్టి.

ఇప్పుడు జనవరి, ఆదివారం, మూడు దాటి ఐదు నిమిషాలు. అదే కార్ఖానాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని దత్తాత్రి యూనిట్ టెస్ట్ పేపర్లు దిద్దుతున్నాడు. సాంచాలు నిలబడ్డ నాలుగు చోట్లా నేల మీద నూనె మరకలు, ఫినాయిలుకు పోనివి, సోడాకు పోనివి. గడప దగ్గర ఎండపొడలో తల్లి గంగమ్మ బీడీలు చుడుతోంది, ఒళ్ళో చాట, చాటలో కత్తిరించిన తునికాకులూ తంబాకూ. ఆమె వేళ్ళు ఆమెను అడగకుండా పని చేస్తాయి, ఆకు, చిటికెడు తంబాకు, చుట్టు, దారం, మడత. నాలుగింటికి మంగేశ్ వస్తాడు. మంగేశ్ దత్తాత్రి భార్య సారికకు తమ్ముడు, అద్దెకారు నడుపుతాడు, దీపావళి సెలవుల్లో వాళ్ళను సముద్రం దగ్గరికి తీసుకెళ్ళింది అతనే. ఇవాళ వస్తున్నది తారీఖు ఖాయం చేయడానికి, ఎందుకంటే గంగమ్మ తనను కూడా ఆ సముద్రం దగ్గరికి తీసుకుపొమ్మంది, తన పెనిమిటి కడుపునిండా నిద్రపోయిన చోటికి. కడుపునిండా అన్న మాట ఆమెది. ఆ మాటకు మూలం కొడుకు. మంగేశ్ ఆ రోజు అక్కడే ఉన్నాడు, అంతా చూశాడు, నోట్లో నువ్వుగింజ నానదు. కాబట్టి నాలుగు లోపల దత్తాత్రే తల్లికి చెప్పాలి. చెప్పాల్సింది ఎక్కువ లేదు. నేనే లేపిన అవ్వా, అంతే. పేపరు తిప్పాడు. అలలు ఎట్లా ఏర్పడతాయి అన్న ప్రశ్నకు ఒక పిల్ల 'గాలి తోస్తే' అని రాసింది. మార్కు వేశాడు. సముద్రాన్ని చూడని పిల్ల అయి ఉంటుంది, అతను కూడా యాభై ఏళ్ళు దాటేదాకా చూడకుండానే ఇరవై ఆరేళ్ళు దాని గురించి చెప్పాడు, ఆటూపోటూ, ఉప్పదనం, తీరరేఖ, నల్లబల్ల మీద నీలం సుద్దతో.

రామచంద్రానికి చెవులు ఎప్పుడో పోయాయి. సాంచాల మధ్య బతికిన ఎవరికైనా పోతాయి, ఆ పేటలో ముసలివాళ్ళందరూ పెదవులు చూసే మాట్లాడతారు. ఆయనకు సాంచె నడవడం తెలిసేది కాళ్ళతో. మంచం కార్ఖానా మూలలో ఉండేది, రాత్రి షిఫ్టు నడుస్తుంటే మంచం కోళ్ళలోంచి ఆ అదురు పైకి వచ్చి వీపును పట్టుకునేది, ఆయన పసిపిల్లవాడిలా పడుకునేవాడు. ఎక్కడైనా పోగు తెగి ఒక్క సాంచె ఆగితే మాత్రం లేచి కూర్చునేవాడు. నలుగురు చప్పుడుకు లేస్తారు, మీ బాపు చప్పుడు ఆగితే లేస్తడు అని గంగమ్మ నవ్వేది. ఈ సంగతి దత్తాత్రికి తెలియంది కాదు, చిన్నప్పటి నుంచీ చూసినదే, ఆ నవ్వులో తనూ నవ్వినవాడే. తెలిసి కూడా నిమ్మళంగా పండుకో అన్నాడు. ఆ బుధవారం నుంచి ఆయన పండుకోలేదు. పడుకున్నట్టే పడుకుని కళ్ళు తెరిచి ఉండేవాడు, గంటకోసారి లేచి ఖాళీ కార్ఖానాలో చేతులు వెనక్కి కట్టుకుని నడిచేవాడు. డాక్టరు మాత్రలు ఇచ్చాడు, వాటితో మాట ముద్దగా వచ్చింది, నిద్ర రాలేదు. మయూరి తన ఫోనులో ఎక్కడో మగ్గాల చప్పుడు వెతికి పట్టి తాత చెవి దగ్గర పెట్టింది. ఆయన చాలాసేపు శ్రద్ధగా విని, "దోమ మంచిగ పాడుతుంది బిడ్డ" అన్నాడు. ఇల్లంతా నవ్వింది. తర్వాత ఆయనే ఒక ఉపాయం కనుక్కున్నాడు, సిటీ బస్సు. వెనక చక్రం మీది సీట్లో కూర్చుంటే కునుకు పట్టేదట. మూడు రోజులు అట్లా పోయి వచ్చాడు, నాలుగో రోజు డిపోలో నిద్రపోతూ దొరికితే కండక్టరు బడికి ఫోన్ చేశాడు. స్టాఫ్ రూములో అందరి ముందూ ఆ ఫోన్ ఎత్తాల్సి వచ్చింది. గురూజీ తండ్రి బస్సులో పడి ఉన్నాడని ఎవరో అన్నారు, ఎగతాళిగా కూడా కాదు. ఇంటికి వచ్చి దత్తాత్రి తండ్రి బస్ పాసు తీసి తన సంచీలో పెట్టుకున్నాడు. అది కూడా అవ్వకు తెలియదు. ఇట్లాంటివి తీస్తే ఎన్నయినా వస్తాయి.

సముద్రం ఆలోచన మంగేశ్‌ది. జాగ మారితే నిద్ర వస్తది బావా అన్నాడు. అక్టోబరు చివర, సాంగోలా, మిరజ్, కొల్హాపూర్, అంబా ఘాట్ దిగి రత్నాగిరి. గంగమ్మ మోకాళ్ళ నొప్పులని రాలేదు, మయూరికి ట్యూషన్లు, ఆమెకు తోడు సారిక. కారులో ముగ్గురే. రత్నాగిరిలో దత్తాత్రి పాఠంలో ఎప్పుడూ చెప్పని వింత ఒకటుంది. ఒకే ఊరు, ఒక కొండ, కొండ మీద కోట. ఇటువైపు ఒడ్డున ఇసుక నల్లగా ఉంటుంది, అటువైపు ఒడ్డున తెల్లగా. ఊరివాళ్ళు నల్ల సముద్రం, తెల్ల సముద్రం అనే అంటారు. అతను నోటుబుక్కులో రాసుకున్నాడు, మొదట నలుపు, పొద్దు గుంకే లోపల తెలుపు, రెండు చోట్ల నుంచీ రెండు పిడికిళ్ళ ఇసుక, పిల్లలకు చూపించడానికి. మర్నాడు తీరం వెంబడి రోడ్డు మీద గణపతిపులే దాకా అని కూడా రాసుకున్నాడు. మొదటి రోజు మూడున్నరకు నల్ల ఒడ్డున దిగారు. నలుపంటే బొగ్గు నలుపు కాదు, నూనె పీల్చుకున్న నేల ఉంటుందే, ఆ రంగు. ఎండలో సన్నగా మెరుస్తూ. రామచంద్రం చెప్పులు కారులోనే విడిచి, ధోవతి ఎగ్గట్టి, తడి మొదలయ్యే గీత దాకా నడిచి, అక్కడ ఆగిపోయాడు. నీళ్ళ వైపు చూడలేదు. తన పాదాల వైపు చూసుకున్నాడు. కుడికాలు మడమ నొక్కి పెట్టి, ఎడమకాలు మడమ నొక్కి పెట్టి, కొత్త సాంచె బిగించినప్పుడు పునాది చూసేవాడు, అట్లా. ఒక అల విరిగి పడింది, పెద్దది, నేల లోపల దడ్‌మంది. ఆయన కూర్చున్నాడు. తర్వాత ఒరిగాడు. కుడిచెవి, కుడిచెయ్యి తడి ఇసుకకు ఆనించి, రెండు అలలు విని, కొడుకును చూసి ఒకే మాట అన్నాడు.

"నడుస్తున్నయ్ రా."

అంతే, నిద్రపోయాడు. నిమిషం పట్టలేదు. నోరు తెరుచుకుంది, గురక వచ్చింది, మూడున్నర నెలల తర్వాత వచ్చిన గురక. దత్తాత్రి ఫోన్ తీసి ఇంటికి చేశాడు, అవ్వా బాపు నిద్రపోయిండు అన్నాడు. అవతల గంగమ్మ ముక్కు చీదిన చప్పుడు. ఆమె ఒకటే అడిగింది. "లేపకు బిడ్డ. ఆయనంతట ఆయన లేచేదాంక లేపకు." అతను, "లేపనవ్వా" అన్నాడు.

"ఏం జేస్తున్నవ్ గంగక్కా, పావుసేరు తంబాకు ఉంటే ఇయ్యి" అంటూ సీతాబాయి వచ్చింది, పక్క సందులో ఉంటుంది, గంగమ్మతో ఒకే బీడీ కంపెనీకి పని చేస్తుంది. గోడ గడియారం మూడుంబావు. తంబాకు ఒక వంక, ఆమె వచ్చింది కూర్చోవడానికి. గంగమ్మ ఆమెకు చాట పక్కన జాగ ఇచ్చి, పోయేటిది సముద్రానికి, జంపఖానా ఒకటి కావాలె, మీ ఇంట్ల ఉందా అని అడిగింది, ఆ వంకన మళ్ళీ మొదలుపెట్టింది. దత్తాత్రి తల ఎత్తలేదు. ఆ కథ అతనికి కంఠస్థం అయింది, పరామర్శకు వచ్చిన ప్రతి మనిషికీ ఆమె చెప్పింది, పదో రోజున చెప్పింది, నెల మాసికానికి చెప్పింది. నల్ల ఇసుక మీద పండుకున్నాడనీ, పొద్దు గుంకేదాకా లేవలేదనీ, కొడుకు పక్కనే కూర్చుని ఎండ పడకుండా అడ్డం ఉన్నాడనీ. ఎండ ముక్క ఆమె సొంతంగా కలిపింది, దుఃఖంలో ఉన్న మనిషి కలుపుతుంది. పొద్దు గుంకేదాకా అన్నది మాత్రం దత్తాత్రిది. తిరిగి వచ్చిన రాత్రి ఆమె అడిగింది, ఎంతసేపు పండుకున్నడు బిడ్డా అని, కళ్ళు పెద్దవి చేసుకుని అడిగింది, అతని నోట్లోంచి ఆ మాట వచ్చేసింది. "కొడుకంటే గట్లుండాలె" అంది సీతాబాయి, అతనికి వినపడేలా. "మా వినాయక్ ఉన్నడు, వాళ్ళ బాపు దగ్గితే టీవీ సౌండ్ పెంచుతడు." గంగమ్మ నవ్వింది. పెనిమిటి పోయిన ఈ రెండు నెలల్లో ఆమె నవ్వేది ఈ కథ దగ్గరే. దత్తాత్రి పెన్ను ఒక తప్పు జవాబు పక్కన టిక్కు పెట్టింది. కొట్టేసి, మళ్ళీ చూసి, సున్నా చుట్టాడు.

ఇరవై నిమిషాలు. అంతే పండుకున్నాడు. మొదటి పది నిమిషాలు దత్తాత్రి నిజంగానే పక్కన కూర్చున్నాడు. తర్వాత జనం వచ్చారు, పుణె వైపు వాళ్ళలా ఉన్నారు, ఒక కుటుంబం, చలువ కళ్ళద్దాలు, చిన్నపిల్ల, తెల్ల బూట్లు. అప్పటికి దత్తాత్రి లేచి నీళ్ళ దగ్గర ఇసుక ఏరుతున్నాడు, పాలిథిన్ సంచీలో. పిల్ల పడుకున్న తాత వైపు పరుగెత్తింది. పిల్ల తండ్రి వెనక నుంచి అరిచాడు, "తికడే నకో జావూ, దారూ ప్యాయ్‌లాయ్ తో." అటు పోవద్దు, తాగి ఉన్నాడు వాడు. అని, దత్తాత్రిని చూసి, సాటి పెద్దమనిషితో అన్నట్టు తల ఆడించి నవ్వాడు. దత్తాత్రి కూడా నవ్వాడు. అదీ జరిగింది. ఆయన మా నాన్నగారు అని మరాఠీలో ఎంత సులువైన వాక్యం, ఎన్ని వేలసార్లు ఆ భాషలో ఎందరు తల్లిదండ్రులతో మాట్లాడాడు, సభల్లో మాట్లాడాడు, ఆ వాక్యం రాలేదు. ఆయన ధోవతి మోకాలి పైకి తొలిగి ఉంది, చొక్కా మెడ దగ్గర మాసి ఉంది, చెంపకు నల్ల ఇసుక, నోటి మూల నుంచి చొంగ. దత్తాత్రి నవ్వి, సంచీ పట్టుకుని రెండడుగులు పక్కకు నడిచాడు, తనకూ ఆ మనిషికీ సంబంధం లేదన్నట్టు. ఆ రెండడుగులు ఎవరూ చూడలేదు అనుకున్నాడు. తల తిప్పితే మంగేశ్, కారు బానెట్‌కు ఆనుకుని, కొబ్బరిబొండం స్ట్రా నోట్లో పెట్టుకుని చూస్తున్నాడు.

వాళ్ళు వెళ్ళాక తండ్రి దగ్గరికి వచ్చాడు. పొద్దు గుంకేలోపల తెల్ల సముద్రం చూడాలి కదా అని తనకు తాను చెప్పుకున్నాడు, నోటుబుక్కులో అట్లాగే రాసి ఉంది కదా. అప్పటికి నాలుగు కూడా కాలేదు. భుజం పట్టి ఊపాడు. మెల్లగా ఊపానని చాలా రోజులు నమ్మే ప్రయత్నం చేశాడు. లే బాపు, అందరు చూస్తున్నరు అన్నాడు. రామచంద్రం ఉలిక్కిపడి లేచి కూర్చుని, కళ్ళు ఇంకా పూర్తిగా తెరవకుండానే, "ఎవరు బందు వెట్టిన్రు?" అని అడిగాడు. రెండు చేతులూ ముందుకు చాచి గాలిలో తడిమాడు, బొటనవేలూ చూపుడువేలూ కలుపుతూ, ఎక్కడ తెగిందో ఆ పోగు కొస కోసం. దొరకలేదు. మళ్ళీ తడిమాడు. ఆ వేళ్ళు దత్తాత్రి చొక్కా గుండీకి తగిలి అక్కడ ఆగాయి. గుండీని పట్టుకుని చూశాడు, మనిషిని చూశాడు, నీళ్ళను చూశాడు, అర్థమైంది. కోపగించుకోలేదు. లేచి ఇసుక దులుపుకున్నాడు. తెల్ల ఒడ్డున కారు దిగలేదు, అద్దంలోంచి చూసి, "ఇది మెత్తగుంది, అదరది" అన్నాడు. లాడ్జిలో రాత్రంతా మంచం మీద కూర్చున్నాడు. పొద్దున్నే స్నానం చేసి తయారై గుమ్మంలో నిలబడి, ఏదైనా అడగడం అలవాటు లేని మనిషి అడిగాడు. "నిన్నటి జాగకు ఒక్కసారి పోదమా దత్తూ?" దత్తాత్రి గడియారం చూసుకున్నాడు. అది వెనకాల పడిపోయింది బాపు, మనం ముందుకు పోవాలె అన్నాడు. పది నిమిషాల దూరం. రోడ్డు పొడుగునా కుడిపక్క కొండా ఎడమపక్క సముద్రమూ, ఎంత అందమైన రోడ్డని, మంగేశ్ కారు ఆపి ఆపి ఫోటోలు తీశాడు, ఒక్క ఫోటోలోనూ రామచంద్రం కెమెరా వైపు తిరిగి లేడు.

తిరిగి వచ్చిన పంతొమ్మిదో రోజు తెల్లవారుజామున కార్ఖానాలో నడుస్తూ నడుస్తూ గోడకు ఆనుకుని కూర్చుని అట్లాగే పోయాడు. గుండె అన్నాడు డాక్టరు. వయసు అన్నారు జనం. నిద్ర మాట ఎవరూ ఎత్తలేదు. ఆ ఇరవై నిమిషాలు గంటో రెండు గంటలో అయి ఉంటే మనిషి మిగిలేవాడని దత్తాత్రి అనుకోవడం లేదు, అతను సైన్సు కూడా చెబుతాడు, అట్లా జరగదని తెలుసు. కానీ ఆయన ఆఖరి నిద్ర అదే. దానికి ఎంత పొడుగు ఉండాలో అంత పొడుగు లేకుండా చేసిన మనిషి ఒకడున్నాడు, ఆ మనిషిని చూపించి సీతాబాయి తన కొడుకును తిడుతోంది.

సీతాబాయి పోయింది. మూడూ నలభై. సందులో ఎవరో స్కూటరు స్టార్టు చేస్తున్నారు, అవ్వ వేళ్ళ కింద ఆకులు గరగరమంటున్నాయి. అతను పెన్ను మూత పెట్టాడు. పేపర్లు సర్దాడు, అంచులు సమంగా వచ్చేలా నేలకేసి తట్టాడు. అవ్వా అన్నాడు. ఆమె కట్ట కట్టడం ఆపకుండా ఏంది బిడ్డ అంది. చెప్పబోయాడు, నోరు కూడా తెరిచాడు, అప్పుడు ఆమె తలెత్తి చూసింది, ఎండ ముఖం మీద పడి, కళ్ళు చిట్లించి. చాయ్ పెట్టాలా అని అడిగాడు. ఆమె కట్ట పక్కన పెట్టింది. "దత్తూ, నాకు గా ఇసుక మీద పండుకోవాలనుంది" అంది. "ఒక్క తాప. నవ్వకు. యాభై ఆరేండ్లు ఆయన పక్కకు పండుకున్న, గా రోజు ఒక్కనాడు నేను లేను. నువ్వున్నవ్. ఏ జాగల పండుకున్నడో నువ్వు సూపియ్యి, పొద్దు గుంకేదాంక నేనుగూడ పండుకుంట. నువ్వు ఆయనకు కూసున్నట్టు నాకు కూసో." అతను తల ఊపాడు. ఊపిన తల ఆగడం లేదని కొంచెం తర్వాత తెలిసింది. చెప్తే ఇప్పుడే చెప్పాలి, ఈ మాట తర్వాత. చెప్తే ఆమె నవ్వే ఆ ఒక్క చోటూ పోతుంది. చెప్పకపోతే ఆమె ఆ ఇసుక మీద పడుకుంటుంది, అతను పక్కన కూర్చోవాలి, పొద్దు గుంకేదాకా, ఆమె ముఖం చూస్తూ. ఆమె బాధ కోసమే ఆగుతున్నానా, నా మొహం కోసం ఆగుతున్నానా అని తనను అడిగాడు. సమాధానం తెలుసు కాబట్టి ఇంకోసారి అడగలేదు.

మంగేశ్ ఎనిమిది నిమిషాలు ముందే వచ్చాడు. గడప బయట చెప్పులు విడిచి, అత్తమ్మా మీ బీడీల వాసనకు దారి తప్పకుండ వచ్చిన అంటూ, ఆమె పక్కనే నేల మీద గొంతుక్కూర్చున్నాడు. రిపబ్లిక్ డే సోమవారం వచ్చింది, శనివారం పొద్దున బయలుదేరుదాం, మోకాళ్ళకు ముందు సీటు వెనక్కి జరుపుతా, దారిలో కొల్హాపూర్‌లో అమ్మవారి దర్శనం అని గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. గంగమ్మ అన్నిటికీ సరే అంది. అప్పుడు చాట పక్కన పెట్టి, ఒళ్ళో తంబాకు దులుపుకుని, అతని మోకాలి మీద చెయ్యి వేసింది.

"నువ్వు గాడనే ఉంటివి గద నాయినా. నిజంగ అంతసేపు పండుకున్నడా?"

 దత్తాత్రి కుర్చీ చేతిని పట్టుకున్నాడు. ఇప్పుడు వస్తుంది అనుకున్నాడు, రానీ అనుకున్నాడు, ఆ క్షణంలో అతనికి దాదాపు తేలికగా ఉంది. మంగేశ్ బావ వైపు చూడలేదు. నేల వైపు చూసి, చిన్నగా గొంతు సవరించుకున్నాడు. 

"చీకటి పడ్డదాంక అత్తమ్మా. బావ పక్కకెల్లి కదల్లేదు."

ఆమె కళ్ళు మూసుకుంది. చేతులు రెండూ ఎత్తి మంగేశ్ తల చుట్టూ దిష్టి తీసినట్టు తిప్పి తన కణతల మీద వేళ్ళు విరిచింది, తర్వాత లేచి, మోకాళ్ళు పట్టుకుని, చాయ్ నేనే పెడతా, సారిక పడుకుంది అంటూ లోపలికి నడిచింది. మంగేశ్ ఫోను తీసి తారీఖు రాసుకున్నాడు. "శనివారం ఆరింటికి బావా" అన్నాడు, ఫోను లోంచి తల ఎత్తకుండా. దత్తాత్రి సరే అన్నాడు. మధ్యలో ఐదు రోజులున్నాయి. తండ్రిని లేపింది తానేనని అతను ఇంకా అవ్వకు చెప్పలేదు.